ఇవ్వలేకపోయిన కిడ్నీ

పాపయ్యకు తన కిడ్నీ ఇస్తానని హైమవతి చెప్పినప్పుడు ఆ మాట వెనక పెద్ద ఆలోచనేమీ లేదు. ఆకలేస్తోందన్న మనిషికి కంచం పెట్టినంత మామూలుగా చెప్పింది. అప్పుడు ఇద్దరూ మిలిటరీ ఆసుపత్రి వరండాలో బెంచీ మీద కూర్చుని ఉన్నారు. పాపయ్య ముఖం ఉబ్బి, కళ్లు చిన్నవైపోయాయి. ఇంటికెళ్లి మాట్లాడుకుందాం అన్నాడతను. హైమవతికి మాత్రం అందులో మాట్లాడుకోవలసిందేమీ కనిపించలేదు.

అది తొంభై ఆరో సంవత్సరం. పాపయ్య సైన్యంలో బండ్లు బాగుచేసే వర్క్‌షాపులో హవల్దారు. ఢిల్లీ కంటోన్మెంట్‌లోనే క్వార్టరు. ఊరు విజయనగరం దగ్గర చిన్న పల్లె. హైమవతికి అతను స్వయానా మేనమామ కొడుకు. ఊహ తెలిసినప్పటి నుంచీ బావా అని పిలిచింది, పెళ్లయ్యాక కూడా పిలుపు మారలేదు. జబల్‌పూర్, పఠాన్‌కోట్ తిరిగి చివరికి ఢిల్లీ చేరారు. ఒక్కతే కూతురు హరిప్రియ. సెంట్రల్ స్కూల్లో చదువుతూ, తల్లి తెలుగులో ఏమడిగినా హిందీలో జవాబు చెప్పేది.

హరిప్రియ తర్వాత ఇంకో బిడ్డ పుట్టవలసింది. పఠాన్‌కోట్‌లో ఉండగా ఏడో నెలలో హైమవతికి కాళ్లు పొంగాయి, బీపీ విపరీతంగా పెరిగింది, మగబిడ్డ కడుపులోనే పోయాడు. ఒళ్లు కుదుటపడ్డాక ఒకసారి వచ్చి మూత్రపరీక్ష చేయించుకు వెళ్లమని అక్కడి లేడీ డాక్టరు చెప్పింది. బిడ్డే పోయాక ఇంక ఆ పరీక్షలెందుకనుకుంది హైమవతి. ఆ ఆసుపత్రి గేటు మళ్లీ చూడబుద్ధి కాలేదు కూడా. తర్వాత బదిలీ వచ్చింది. ఆ సంగతి అక్కడితో మరుగున పడింది.

పాపయ్య సంగతి వేరు. అతనికి ఒకసారి ముందే తెలిసింది.

ఢిల్లీకి వచ్చిన కొత్తల్లో, ఏటా జరిగే వైద్యపరీక్షలో అతని మూత్రం సన్నని గాజు గొట్టంలో పోసి వేడిచేస్తే పైభాగం తెల్లగా మబ్బుకట్టింది. ఆల్బుమిన్ పోతున్నట్టుంది, వచ్చే వారం మళ్లీ తెచ్చివ్వమన్నారు. అప్పటికి అతనింకా రెండు పట్టీల నాయక్ హోదాలోనే ఉన్నాడు. హవల్దారు ప్రమోషన్ దగ్గరపడింది. ఆరోగ్యం బాగాలేదని మెడికల్ కేటగిరీ దించేస్తే మూడో పట్టీ రాదని వర్క్‌షాపులో అందరూ భయపెట్టారు. పాపయ్యకు నొప్పి లేదు, జ్వరం లేదు. లారీ ఇంజను కిందకి దూరి పూటంతా పనిచేసినా అలసట తెలిసేది కాదు. ఆ మబ్బు ఏ జబ్బుకని అతను ఎవరినీ అడగలేదు. వారం తర్వాత తోటి మెకానిక్ ఒకతని మూత్రం సీసాలో పట్టుకెళ్లి తనదని ఇచ్చాడు. అంతా బాగుందని రాశారు.

ఆ సాయంత్రం జిలేబీల పొట్లం పట్టుకొచ్చి, చేసిన పని పెళ్లానికి నవ్వుతూ చెప్పాడు. హైమవతి కూడా నవ్వింది. ప్రమోషన్ వచ్చాక అతని చొక్కా చేతికి మూడో పట్టీ తనే కూర్చుని కుట్టింది.

తర్వాత ఏళ్లు గడిచాయి. పొద్దున్నే పాపయ్య బాత్రూంలోంచి వచ్చాక నేలమీద నురగ కనిపించేది. నీళ్లు పోస్తే ఒక పట్టాన పోయేది కాదు. సబ్బు అనుకుని చీపురుతో తోసేసేది హైమవతి. సాయంత్రానికి అతని చీలమండల మీద మేజోళ్ల గుర్తులు గాడి పడేవి. బూట్లు బిగుసుకున్నాయంటే కొత్త బూట్లు తీసుకున్నాడు. అన్నం సయించకపోతే ఎండలనుకున్నారు. ఒళ్లు దురదపెడితే ఢిల్లీ నీళ్లనుకున్నారు. ప్రతిదానికీ ఏదో ఒక కారణం దొరికింది. చివరికి ఒకరోజు ఇంజను కింద నుంచి లేస్తూ లేస్తూ అక్కడే పడిపోయాడు.

ఆసుపత్రిలో కిడ్నీ వార్డు చూసే డాక్టరు మేజర్ ఉమ. కర్నూలు మనిషి. హైమవతి భాష వినగానే హిందీ ఆపేసి తెలుగులోకి దిగింది. పాపయ్య కిడ్నీలు రెండూ కుంచించుకుపోయాయనీ, అవి మళ్లీ కోలుకోవనీ దాచకుండా చెప్పింది. ఒంట్లో చేరే విషాన్ని ఇక మిషనే వడకట్టాలి. లేదా ఎవరిదైనా కిడ్నీ పెట్టాలి.

డయాలిసిస్ మొదలైంది. చేతికి చిన్న ఆపరేషన్ చేసి రక్తనాళాలు రెండు కలిపారు. అక్కడ వేలు పెడితే లోపల ఏదో జలజలా పారుతున్నట్టు తెలిసేది. వారంలో రెండుసార్లు ఆ చేతికి సూదులు గుచ్చి మిషను పక్కన పడుకోబెట్టేవారు. ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకునేవాడు. అన్నిటికన్నా దాహం ఎక్కువ బాధపెట్టింది. మూత్రం దాదాపు ఆగిపోయింది కనుక తాగిన నీరంతా ఒంట్లోనే నిలిచిపోతుంది. ఢిల్లీ మే నెల. బయట లూ అనే వడగాలి మొహం మీద కొడుతుంటే, పాపయ్య రోజంతటికీ చిన్న చెంబుడు నీళ్లు పక్కన పెట్టుకుని నాలుక తడుపుకునేవాడు. హైమవతి అతనికి కనబడేలా నీళ్లు తాగడం మానేసింది. వంటింట్లో తలుపు చాటున తాగేది, గ్లాసు చప్పుడు కాకుండా.

కిడ్నీ ఇవ్వడానికి పాపయ్య అన్న ఊరి నుంచి వచ్చాడు. రక్తం గ్రూపు కుదరలేదు. ఆయన రెండు రోజులు తమ్ముడి మంచం పక్కనే కూర్చుని ఏడ్చి వెళ్లిపోయాడు. తల్లి ముసలిది. మిగిలింది హైమవతి. ఆమెది అతని గ్రూపే. అది తెలిసిన రోజున ఎన్నో నెలల తర్వాత ఆమెకు కడుపునిండా అన్నం తినాలనిపించింది.

పాపయ్య చాలా రోజులు ఒప్పుకోలేదు. ఆడదాని ఒళ్లు కోయించి తాను బతకాలా అన్నాడు. చివరికి హరిప్రియ పేరు చెప్పి ఒప్పించింది. అతను ఒప్పుకున్న మర్నాటి నుంచే ఆమెకు పరీక్షలు మొదలయ్యాయి.

మూత్రం ఇచ్చి వచ్చిన రెండో రోజున మేజర్ ఉమ ఆమెను ఒంటరిగా లోపలికి పిలిచింది. ముందు బీపీ చూసింది. కాసేపు ఆగి మళ్లీ చూసింది. రెండుసార్లూ ఎక్కువే ఉంది. ఆ తర్వాత కుర్చీ దగ్గరకు లాక్కుంది.

"హైమవతమ్మా, మీ మూత్రంలో కూడా ప్రొటీన్ పోతోంది."

హైమవతికి అర్థం కాలేదు. తన పరీక్షల కాగితాల్లోకి పాపయ్యవి కలిసిపోయాయేమో, మళ్లీ చూడమంది. మీవే అంది డాక్టరు. తర్వాత నిదానంగా వివరించింది. ప్రొటీన్ రక్తంలో ఉండవలసిన సరుకు, కిడ్నీలు దాన్ని బయటికి పోనివ్వకుండా ఆపి చెత్తను మాత్రమే వడకడతాయి, ఆ వడపోత దెబ్బతింటే మంచి సరుకు కూడా జారిపోతుంది. మూత్రం నురగ కట్టేది అందుకే. ఒంటికి నీరు పట్టేది కూడా అందుకే. నురగ అన్న మాట వినగానే హైమవతి చూపు నేలకు దిగిపోయింది. ఆమెకు కనబడింది క్వార్టరు బాత్రూం గచ్చు.

"మరి నాకే నొప్పీ లేదు కదమ్మా."

"ఉండదు. అదే ఈ జబ్బుతో చిక్కు. నొప్పి ఉంటే అందరూ ముందే వచ్చేవాళ్లు."

గర్భాల గురించి అడిగింది డాక్టరు. హైమవతి పఠాన్‌కోట్ సంగతి చెప్పింది. మోకాళ్ల నొప్పులకని ఏళ్ల తరబడి మందుల షాపులో అడిగి మింగుతున్న బిళ్లల గురించి కూడా చెప్పింది. ఉమ అవన్నీ రాసుకుని, ఒక్క పరీక్షతో తేల్చకూడదు, ఒక రోజంతా పట్టిన మూత్రం కావాలంది. పెద్ద ప్లాస్టిక్ డబ్బా ఒకటి ఇప్పించి, పొద్దున మొదటిసారి వదిలేసి అక్కడి నుంచి మర్నాటి పొద్దుటిదాకా చుక్క పోకుండా అందులో పట్టి తెమ్మంది. ఎంత ప్రొటీన్ పోతోందో దాంతో తెలుస్తుంది. ఎక్కువే పోతుంటే కిడ్నీ తీసుకోవడం కుదరదని కూడా చెప్పింది.

ఆ డబ్బాను గుడ్డసంచిలో పెట్టుకుని బస్సెక్కిన హైమవతి ఇంటికొచ్చేలోపే ఏం చేయాలో నిశ్చయించుకుంది.

పక్క క్వార్టరు కాంతమ్మది శ్రీకాకుళం. ఈమెను వదినా అని పిలుస్తుంది. రాయిలాంటి ఒళ్లు, ఏనాడూ జలుబు కూడా చేసి ఎరగదు. హైమవతి ఆమె వంటింట్లో పీట మీద కూర్చుని విషయం చెప్పింది. కాంతమ్మ చాలాసేపు పప్పులో రాళ్లు ఏరుతూ ఉండిపోయింది. ఇది తప్పు కాదా వదినా అని మాత్రం అడిగింది. తప్పయితే నాను పడతాను అంది హైమవతి. కాంతమ్మ కళ్లు తుడుచుకుని, సరే, డబ్బా మీ బాత్రూంలోనే పెట్టు, నాను వచ్చి పోసెల్తాను అంది.

మర్నాడు పాపయ్య ముందుగదిలో కూలర్ ఎదురుగా పడుకుని ఉన్నాడు. హరిప్రియ స్కూలుకు వెళ్లింది. కాంతమ్మ పొద్దున ఒకసారి వచ్చి వెళ్లింది. మధ్యాహ్నం మళ్లీ వచ్చింది, కొంగు కింద మూతపెట్టిన మగ్గుతో. అతని వైపు చూడకుండా నేరుగా బాత్రూంకి వెళ్లి, వట్టి మగ్గుతో తిరిగొచ్చి వెళ్లిపోయింది. పాపయ్య లేచి కూర్చున్నాడు. పెళ్లాన్ని పిలిచాడు.

"ఆ డబ్బాలో ఎవులిది?"

హైమవతి వెళ్లి కూలర్‌లో నీళ్లు పోయసాగింది.

"హైమా, ఎవులిదని అడుగుతున్నాను."

"కాంతమ్మది. అయితే ఏటి? నాకేటయిందని బావా? నడుస్తన్నాను, వండుతున్నాను. పరీక్ష బాగుందంటే ఆసుపత్రోలు నాది తీసుకుంటారు, నీకు పెడతారు. నాకు ఒకటి సాలు."

"నానూ నడిచినాను. బండ్లు బాగుసేసినాను. ఇంకొకడిది తీసుకెల్లి ఇచ్చినాను. ఏటయిందో సూస్తన్నావు కదా."

"నువ్వు పట్టీ కోసం సేసినావు. నాను నీకోసం సేస్తన్నాను."

"ఎందుకోసం సేసినావో కిడ్నీకి తెలుస్తాదేటి?"

ఆ మాటకు హైమవతి గోడకు ఆనుకుని కూర్చుంది. పాపయ్య గొంతు తగ్గించాడు. పాడైనదాన్ని తెచ్చి నాలో పెడితే ఎన్నాళ్లుంటాది, నీదీ పోతాది, నాదీ పోతాది, పిల్లకి ఎవులుంటారు అన్నాడు. తర్వాత గోడ పట్టుకుంటూ బాత్రూంలోకి వెళ్లాడు. డబ్బా వంచేసి, నీళ్లు పోసి కడిగి, బోర్లించి వచ్చాడు. ఆ కొద్ది దూరానికే ఆయాసం వచ్చి మంచం మీద వాలిపోయాడు. రేపు పొద్దుట మల్లీ మొదలెట్టు, ఈసారి నీదే, అని కళ్లు మూసుకున్నాడు. హైమవతి అక్కడే కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. పెళ్లయిన తర్వాత ఆమె చేసిన పనిని అతను చెరిపేయడం అదే మొదలు.

ఆమె తనదే పట్టి ఇచ్చింది. ప్రొటీన్ చాలా పోతోందని తేలింది. కిడ్నీ ఇవ్వడానికి లేదు.

ఉమ బీపీ మందు రాసిచ్చింది. ఆ మందు బీపీ తగ్గించడమే కాకుండా ప్రొటీన్ జారిపోవడాన్ని కూడా కొంత అదుపు చేస్తుందట. నొప్పి బిళ్లలు పూర్తిగా మానాలి, ఉప్పు బాగా తగ్గించాలి, మూడు నెలలకోసారి వచ్చి చూపించుకోవాలి. ఇంకా మించిపోలేదు, జాగ్రత్తగా ఉంటే చాలా ఏళ్లు నెట్టుకురావచ్చు అంది. ఆయన కోసం రాకపోయి ఉంటే మీ సంగతి బయటపడేదే కాదని ధైర్యం చెప్పబోయింది. ఆ మాట హైమవతికి చెంపదెబ్బలా తగిలింది. అతని చావు ఖాతాలో తన బతుకు రాస్తున్నట్టనిపించింది. నమస్కారం కూడా పెట్టకుండా లేచి వచ్చేసింది.

మందు బిళ్లలు తెచ్చి ట్రంకుపెట్టెలో బట్టల అడుగున పడేసింది. కొన్ని రోజులకు పాపయ్య లుంగీ కోసం వెతుకుతూ వాటిని చూశాడు. మర్నాడు పొద్దున తన మందులు చేతిలో పెట్టుకుని, ఆమె బిళ్ల కూడా తీసి పట్టుకుని వంటింటి గడపలో కూర్చున్నాడు. నువ్వు వేసుకుంటేనే నాను వేసుకుంటాను అన్నాడు. పొయ్యి మీద పాలు పొంగిపోయే దాకా అలాగే కూర్చున్నాడు. ఆమె చెయ్యి చాపింది.

ఆ రోజు నుంచి ఇంట్లో ఒకే కూర వండడం మొదలైంది. అంతకుముందు పాపయ్యకు వేరుగా ఉప్పులేని చప్పిడి కూర వండి, తనకూ పిల్లకూ మామూలుగా చేసుకునేది. ఊరి నుంచి తెచ్చుకున్న ఆవకాయ జాడీ కాంతమ్మకు ఇచ్చేసింది. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని ఆ చప్పిడి మెతుకులు మింగేవారు. ఒకసారి పాపయ్య, మన పెద్దమ్మమ్మ ఆఖరి రోజుల్లో మొగం పొంగిపోయి ఇలాగే తినేది, నీకు గుర్తుందా అన్నాడు. ఆవిడ హైమవతి అమ్మమ్మకు, అంటే పాపయ్య నాయనమ్మకు, స్వయానా అక్క; ఇద్దరిదీ ఆ రక్తమే. ఇద్దరి చేతులూ కంచంలోనే ఆగిపోయాయి.

ఆ వారమే హరిప్రియను కూడా మూత్రపరీక్షకు ఆసుపత్రికి తీసుకెళ్లారు. ఇది వంశంలో ఉండవచ్చు, నేనూ ఆ మాటే అనాలనుకుంటున్నానంది ఉమ. రెండు రోజులకు ఫలితం వచ్చింది. పిల్ల మూత్రం స్వచ్ఛంగా ఉంది, ప్రొటీన్ జాడ లేదు. ఏటా ఒకసారి మాత్రం చూపిస్తూ ఉండమంది డాక్టరు. పాపయ్య వరండాలోకి వచ్చి స్తంభానికి ఆనుకుని ఏడ్చాడు. దారినపోయే సిపాయిలు ఆగి చూస్తున్నా ఆపుకోలేదు. మొదటిసారి మిషను పక్కన పడుకోబెట్టిన రోజున కూడా అతను ఏడవడం హైమవతి చూడలేదు.

మరుసటి సంవత్సరం వానాకాలంలో అతనికి జ్వరం పట్టుకుంది. సూదులు గుచ్చే చేయి ఎర్రగా వాచింది. చీము రక్తంలోకి పాకిందన్నారు. మిషను పెడితే బీపీ పడిపోతోంది, పెట్టకపోతే ఊపిరి ఆడటం లేదు. ఆఖరి మధ్యాహ్నం తెలివిగానే ఉన్నాడు. హైమవతిని దగ్గరకు పిలిచి, ఒక గ్లాసు నిండుగా నీళ్లిస్తావా అన్నాడు. ఆమె ఉమ వైపు చూసింది. ఉమ తలూపి పక్కకు తిరిగింది. చల్లటి నీళ్లు అంచుదాకా నింపి తెచ్చి, తల పట్టి తాగించింది. రెండు గుక్కలు తాగి చాలన్నాడు. కావలసినన్ని తాగవచ్చని చెప్పినా తల అడ్డంగా ఊపాడు. దాహం ఉంది, తాగడమే చేతకావడం లేదు అతనికి. దీపాలు పెట్టే వేళకు ప్రాణం పోయింది.

కంటోన్మెంట్‌లోనే సిపాయిలు సైనిక మర్యాదగా తుపాకులు తలకిందులు చేసి పట్టుకుని సాగనంపారు. ఊరి నుంచి వచ్చిన పాపయ్య అన్న, మరదలినీ పిల్లనూ తనతో రమ్మన్నాడు. పిల్ల చదువు మధ్యలో ఉంది, నాకు ఆసుపత్రి ఇక్కడుందంది హైమవతి. నాకు ఆసుపత్రి అనే మాట తన నోటివెంట రావడం తనకే కొత్తగా అనిపించింది.

క్వార్టరు ఖాళీ చేసి జనక్‌పురిలో ఒక ఇంటి పై వాటాలో గది తీసుకున్నారు. జవాన్ల భార్యలకు కుట్టుపని నేర్పే కేంద్రంలో ఆమెకు పని దొరికింది. మందు వేసుకునేది, ఉప్పు ముట్టేది కాదు, చెప్పిన రోజున తప్పకుండా ఆసుపత్రికి వెళ్లేది. కానీ అందులో బతకాలన్న ఆశ ఏమీ ఉండేది కాదు. అతను గడపలో కూర్చుని అడిగాడు గనక చేసేది. ఒకసారి ఉమ కాగితం చూసి, బాగా తగ్గిందమ్మా, మందు పనిచేస్తోందని సంతోషంగా చెప్పింది. హైమవతికి సిగ్గేసింది. ఆసుపత్రి గేటు బయట చెట్టు కింద కూర్చుని, నాకెందుకు తగ్గాలి అనుకుంది. ఇంటికి చేరేటప్పటికి పొద్దు గూకింది.

బతుకు మీద ఆమెకు మళ్లీ ఇష్టం కలిగిందని చెప్పలేం. హరిప్రియ పదకొండో తరగతిలోకి వచ్చింది. స్కూలు నుంచి వచ్చి తల్లి కుట్టు మిషన్ పక్కనే పుస్తకాలు పరచుకునేది. కొన్ని రోజులు ఇద్దరూ నవ్వుకునేవారు. కొన్ని రోజులు పాపయ్య ఫొటోకు వేసిన దండ మార్చడానికి కూడా హైమవతికి చేతులాడేవి కావు.

తొంభై తొమ్మిది ఎండాకాలంలో ఒక సాయంత్రం జనక్‌పురిలో కరెంటు పోయింది. తల్లీకూతుళ్లు డాబా మీదికి ఎక్కారు. చుట్టూ అన్ని డాబాల మీదా జనం, విసనకర్రలు, ట్రాన్సిస్టర్ల చప్పుడు. ఆ రోజు హైమవతి ఆసుపత్రికి వెళ్లి వచ్చింది. ఉమ పుణెకు బదిలీ అయిపోయింది, కొత్త డాక్టరు చూశాడు. హరిప్రియ విసురుకుంటూ, టెస్టులో ఏమొచ్చిందని హిందీలో అడిగింది.

బాగానే ఉందని చెప్పి ఊరుకోవచ్చు. హైమవతి కూతురి వైపు తిరిగింది.

"ప్రొటీను మల్లీ పెరిగింది. కొంచెమే. మందు పెంచినాడు" అంది.

హరిప్రియ విసనకర్ర ఆపింది. జరిగి వచ్చి తల్లి భుజానికి ఆనుకుని కూర్చుంది. పిల్ల ఒళ్లు చెమటతో వెచ్చగా ఉంది. హైమవతి ఆమె జడ ముందుకు తీసుకుని వేళ్లతో చిక్కులు విడదీస్తూ కూర్చుంది. కరెంటు వచ్చాక ఇద్దరూ కిందికి దిగారు.